బకాసురుడి పథ్యం

బకాసురుడు మళ్ళీ చచ్చాడు.

ఏడాదిలో ఇది మూడోసారి. తాయారు 'గంగాలమ్మ' అనే బోటు అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కుకి చున్నీ బిగించుకుని, మరుగుదొడ్డి తొట్టి పక్కనున్న గాజుగొట్టాన్ని చూస్తోంది. నిన్న సాయంత్రం వరకూ గులాబీరంగులో కళకళలాడిన గొట్టం ఇవాళ పొద్దున్నకి బొగ్గు కడిగిన నీళ్ళలా ఉంది. మూత తీసి చూడాల్సిన పనిలేదు. వాసనే సంగతంతా చెబుతోంది.

"అత్తా! ఒకసారి కిందకి రా!"

నూకరత్నం వచ్చింది గానీ మెట్ల మీదే ఆగిపోయింది. బోటులో వంటా ఆవిడదే, ఊడవడం కడగడమూ ఆవిడదే.

"ఫినాయిలు పోశావా?"

ఇదివరకు రెండుసార్లు ఇదే ప్రశ్న అడిగితే నూకరత్నం ఇంతెత్తున లేచింది. గంగాలమ్మ మీద ఒట్టేసింది, తన కళ్ళ మీద ఒట్టేసింది, రెండురోజులు మాట్లాడ్డం మానేసింది. ఈసారి మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, "పోశానే. కంపు కొడుతుంటే చెయ్యి ఊరుకోలేదు. ఏం చేసుకుంటావో చేసుకో" అంది.

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. "నెత్తీ నోరూ బాదుకుని చెప్పానా లేదా? ఒక్క మూతెడు పడితే చాలు, మొత్తం చస్తుందని చెప్పానా లేదా? ఇంకొక్కసారి తనిఖీలో తప్పితే బోటు ఒడ్డెక్కేస్తుందత్తా! ఇక దింపనివ్వరు!"

"తెలుసే" అంది నూకరత్నం, వంటింట్లోకి వెళ్ళిపోతూ.

మెట్ల పక్కనున్న ఫినాయిలు సీసాకి సీలు కూడా తియ్యలేదు. తాయారు దాన్ని చూసింది, చూసి కూడా పట్టించుకోలేదు. చదువుకున్నవాళ్ళకి కోపమొస్తే కళ్ళు సెలవు పెట్టేస్తాయి.

తొట్టిలో చచ్చినదంతా సీలు డబ్బాల్లోకి తోడి, ఏడుసార్లు వేడినీళ్ళతో కడిగి, గోరువెచ్చటి గంజి పోసి, ఒడ్డున షెడ్డులో దాచిన జాడీలోంచి రెండు గరిటెలు తోడు వేసింది. పాలు తోడేసినట్టే. తేడా అల్లా ఏమిటంటే, ఈ తోడు మనిషి కడుపులోంచి వచ్చిందాన్ని నాలుగు గంటల్లో తినేసి, తేట నీళ్ళూ గుప్పెడు బూడిదా మిగులుస్తుంది. తినే ఆ సూక్ష్మజీవులు బతికున్నంతసేపూ గొట్టం గులాబీరంగులో ఉంటుంది. ఈ తోడుని పుట్టించడానికి తాయారుకి ఆరేళ్ళు పట్టింది. అంతకుముందు పదకొండేళ్ళు మందుల కంపెనీలో పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి, రేవులో రేకుల షెడ్డు వేసుకుని కూర్చుంది. పేరు పెట్టింది మాత్రం నూకరత్నమే. "బండెడు కూడు తిని, బండి తోలుకొచ్చిన మనిషిని కూడా తినేవాడు బకాసురుడు. వీడూ అంతే, చూస్తూండు" అంది అప్పట్లో. అప్పుడందరూ నవ్వారు.

గోదావరిలో తిరిగే విహారపు బోటు ఏదీ మరుగుదొడ్డి నీళ్ళు ఒక్క చుక్కయినా నదిలో వదలకూడదని చట్టం వచ్చి మూడేళ్ళయింది. మిగతా బోట్లవాళ్ళు ట్యాంకులో పోగుచేసి ఒడ్డున అప్పగిస్తారు. ఒడ్డు నుంచి అది ఏ కాలవలోకి పోతుందో, ఆ కాలవ ఎందులో కలుస్తుందో అడిగేవాళ్ళు లేరు. అడిగినవాడు ఒక్కడే, ఈ బోటు నడిపే సరంగు సింహాద్రి. తాయారుకి మేనమామ. తల్లి పోయిన ఏడాదిన్నర పిల్లని తెచ్చి పెంచినవాడు. తొట్టి బిగించిన రోజు బోటు ముందున్న ముక్కొమ్ము దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపునీళ్ళు చల్లి, "తల్లీ, నా ఒంట్లోది చుక్క కూడా నీలో కలవనివ్వను" అని గంగాలమ్మకి మొక్కుకున్నాడు. నలభై ఏళ్ళు ఆ నీళ్ళ మీద బతికినవాడికి అది పెద్ద మొక్కే.

ఫినాయిలు కథ అయిపోయింది కదా, ఇక కుదురుగా ఉంటుందనుకుంది తాయారు. వారం తిరక్కుండా గొట్టం మళ్ళీ బూడిదరంగుకి దిగింది.

అయితే ప్రయాణికుల మందులే కారణం అయ్యుంటాయనుకుంది. గొంతునొప్పికీ జ్వరానికీ వేసుకునే కొన్ని మాత్రలు ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా సూక్ష్మజీవుల్ని చంపుతాయి. అందుకని బోటెక్కేవాళ్ళందర్నీ నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. అదొక నరకం.

"మందులేమైనా వాడుతున్నారా అండీ?"

"మీకెందుకమ్మా?"

"బాత్రూమ్ కోసమండి."

"పాపికొండలు చూద్దామని వస్తే నా బాత్రూమ్ సంగతి మీకెందుకండీ?" అని ఒకాయన ఎగిరిపడ్డాడు. ఇంకొకావిడ మాత్రం అడిగిందే తడవుగా బీపీ, షుగరు, గ్యాసు, మోకాళ్ళు, మేనత్త చెప్పిన కషాయం, అన్నీ ఏకరువు పెట్టి, చివర్న "నాకేం ఫరవాలేదంటారా?" అని తాయారునే అడిగింది. దాచేవాళ్ళు దాచారు. ఒప్పుకున్నవాళ్ళకి మూత బిగించే డబ్బా వేరే పెట్టారు. ఆ డబ్బాలు షెడ్డులో సున్నంలో వారం ఉంటే ఆ మందులు చచ్చిపోతాయి. ఇంత చేసినా తొట్టి వారానికోసారి చస్తూనే ఉంది. జాడీలో తోడు అడుగంటుతోంది. తాయారు తల ప్రాణం తోకకొచ్చింది.

కార్తీకం రద్దీ తగ్గాక, ఒక సోమవారం ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం మానేసింది. "ఇవాళ మనం ముగ్గురమే. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళాలి. మధ్యలో రెండేసి గంటలు నేను గొట్టం చూస్తాను" అంది.

"ఇదేం పిదప బుద్ధే? చెప్పడానికి సిగ్గులేదా?" అంది నూకరత్నం.

"ఆరేళ్ళ కిందటే వదిలేశానత్తా సిగ్గు."

ముందు తాయారు వెళ్ళింది. గొట్టం గులాబీ. తర్వాత నూకరత్నం, సణుక్కుంటూ. గులాబీ. సింహాద్రి మాత్రం చుక్కాని దగ్గర్నుంచి కదల్లేదు. "నాకు రావట్లేదే" అన్నాడు. పది అయింది, పదకొండయింది. మంచినీళ్ళు వద్దన్నాడు, మజ్జిగ వద్దన్నాడు. మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయాడు. ఒకసారి ఒడ్డు వైపు చూశాడు. ఇసకతిన్నె దగ్గర్లోనే ఉంది, తుప్పలూ ఉన్నాయి. ఒకసారి నీళ్ళ వైపు చూశాడు. చుక్కాని భార్యకిచ్చి, నదికి దణ్ణం పెట్టి, మరుగుదొడ్డిలోకే వెళ్ళాడు.

తాయారు కింద కూర్చుని చూస్తోంది. అరగంటకి గొట్టం అడుగున గులాబీ మాసినట్టయింది. గంటకి బూడిదరంగు సగం పైకి పాకింది.

ఆమె పైకొచ్చేసరికి సింహాద్రి మళ్ళీ చుక్కాని పట్టుకుని ఉన్నాడు. వెనక్కి తిరక్కుండానే, "తొట్టి చెప్పేసిందా?" అన్నాడు.

"ఏం మందు మావయ్యా?"

ఆయన గడ్డంతో గంగాలమ్మ పటం చూపించాడు. పటం వెనకాల మాత్రల అట్ట ఉంది. పసుపుపచ్చ మాత్రలు. తాయారు వాటి పేరు చదవక్కర్లేదు. కంపెనీలో ఈ మాత్ర తయారుచేసే గదిలోకి వెళ్ళాలంటే చేతులకి రెండేసి తొడుగులు వేసుకునేవారు. పెరిగే కణాన్నల్లా చంపే మందు. రక్తంలో జబ్బు ముదిరినవాళ్ళకిస్తారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది నుంచి. డాక్టరు మూడు విడతలు ఆపి ఆపి ఇచ్చాడు. ఇక రోజూ వేసుకోమన్నాడు, కార్తీకం మొదలైనప్పట్నుంచి."

మూడు విడతలు. మూడు చావులు. తాయారు లెక్క కట్టుకోనక్కర్లేకుండానే లెక్క కుదిరిపోయింది. నూకరత్నం వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"పెళ్ళాన్నే. నాకు తెలీకుండా ఎలాగుంటుంది?"

"మరి ఫినాయిలు?"

"నువ్వు ఊరుకోవుగా. ఏదో ఒకటి చెప్పాలిగా."

తాయారు బోటు మీద చతికిలబడింది. ముందు ఏడుపు రావాలి, కోపమే వచ్చింది. "మీ ఇద్దర్నీ ఏం చెయ్యాలి నేను? నాకు చెప్పకపోవడమేంటి? నేను పదకొండేళ్ళు ఊడిగం చేసింది ఆ మందుకే కదా! ముక్కూ మొహం తెలీనివాళ్ళందర్నీ నిలబెట్టి ఏం మాత్రలేసుకుంటున్నారని అడిగాను. ఇంట్లోవాణ్ణి అడగలేదు!"

"చెబితే బోటు నడిపే సరంగు టికెట్టు లాగేసుకుంటారే" అన్నాడు సింహాద్రి. "చుక్కాని లేకపోతే ఒడ్డున కూర్చుని నేనేం చెయ్యను?"

కానీ మర్నాడు ఆయనంతట ఆయనే చుక్కాని పక్కబోటు సరంగుకి అప్పగించాడు. మందు తింటున్న చేతుల్లో డెబ్బైమంది ప్రాణాలు పెట్టడం తప్పని తాయారు అనకుండానే ఆయనకి తెలుసు. పక్కన కుర్చీ వేసుకుని, "అదిగో, అక్కడ ఇసక మేట. చూసుకోవేం? కళ్ళు జేబులో పెట్టుకున్నావా?" అని ఆ కొత్తవాణ్ణి రోజంతా సాధించేవాడు.

తొట్టి సంగతి తేలిగ్గా తేలిపోవాల్సింది. ఆయనకీ ఒక డబ్బా ఇస్తే సరి. అదే చెప్పింది తాయారు.

"ఆ డబ్బా ఏం చేత్తావ్?" అన్నాడు సింహాద్రి.

"సున్నంలో..."

"ఈ మందు సున్నంలో చస్తదా?"

చావదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తొట్టి చచ్చినప్పుడల్లా తోడిపోసిన డబ్బాలు ఇంకా షెడ్డులో సున్నం కింద అలాగే ఉన్నాయి.

"మరెక్కడ పోత్తావ్? ఒడ్డున పోస్తే కాలవలోకి పోద్ది. కాలవ ఎక్కడ కలుస్తదో నాకు తెలీదా? తల్లికి మాటిచ్చాను తాయారూ. నీ తొట్టికే అలవాటు చెయ్యి."

"అది కుక్కపిల్లనుకున్నావా అలవాటు చెయ్యడానికి?"

"పెరుగే కదే. పాలు మారితే నాలుగు రోజులు తోడుకోదు. తర్వాత తోడుకుంటది."

మందుల కంపెనీలో పెద్ద పెద్ద వాళ్ళతో వాదించి గెలిచిన మనిషి ఈయన దగ్గర ఓడిపోయింది. తనిఖీ ఫాల్గుణంలో. మూడున్నర నెలలుంది. షెడ్డులో ముప్ఫై ఒక్క సీసాలు పెట్టి, ఒక్కోదాన్లో తోడు వేసి, సింహాద్రి ఒంట్లోంచి వచ్చిన మందునీళ్ళు ఒకదానికి ఒక చుక్క, ఒకదానికి రెండు చుక్కలు, అలా వేస్తూపోయింది. ఎవరింట్లోనైనా మేనకోడలు పొద్దున్నే మావయ్యకి కాఫీ పట్టుకెళ్తుంది. తాయారు ఖాళీ సీసా పట్టుకెళ్ళేది. కొన్ని రోజులు ఆయన మంచం మీంచి లేవలేకపోయేవాడు. అరిచేతులు పొలుసులు లేచి, నోట్లో పుళ్ళు పడి, గంజి కూడా మింగలేకపోయేవాడు. అయినా సీసా మాత్రం నింపి గుమ్మం దగ్గర పెట్టేవాడు. దాన్ని అందుకుంటున్నప్పుడు తాయారుకి తనమీద తనకే అసహ్యం వేసేది. పైకి మాత్రం, "మూత సరిగ్గా పెట్టొచ్చుగా" అని కసురుకునేది.

సీసాలు చస్తూ వచ్చాయి. పది, పదిహేను, ఇరవై. ఇరవై మూడోది కూడా బూడిదరంగుకి దిగింది. పారబోద్దామని తాయారు చేతిలోకి తీసుకుంది గానీ, నూకరత్నం అడ్డొచ్చింది. "ఇంత గంజి పోసి చూడవే. ఆకలితో ఉందేమో." రోజుకో గుక్కెడు గంజి పోసింది ఆవిడ. నాలుగోరోజున సీసా అడుగున గులాబీ జీర కనిపించింది. వారానికి సీసా నిండా.

ఆ సీసాలోంచి జాడీకి, జాడీలోంచి తొట్టికి. సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకి సింహాద్రి మళ్ళీ బోటు మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. తాయారు మూడు గంటలు గొట్టం ముందు కూర్చుంది. రంగు మాయలేదు. నీళ్ళు పరీక్ష చేస్తే మందు ఆనవాలు కూడా లేదు. మందుని కూడా తినేశాడు బకాసురుడు.

"ఇక తనిఖీ అయ్యేదాకా అలవాటు తప్పకూడదు మావయ్యా. నాలుగు రోజులు మందు పడకపోతే మళ్ళీ మొదటికొస్తుంది" అంది ఆ సంతోషంలో. ఏదో నోటికొచ్చిన మాట. ఆయన తలూపాడు.

తనిఖీ అధికారి భానోజీరావు వచ్చాడు. గళ్ళచొక్కా, చంకలో కాగితాల కట్ట. తొట్టిలోంచి వచ్చే నీళ్ళలో పరీక్షకాగితం ముంచి, ఎండకేసి పట్టుకుని, ఎర్రబడుతుందేమోనని ఐదు నిమిషాలు ఎదురుచూశాడు. ఎర్రబడలేదు. ఇంకోటి ముంచాడు. అదీ తెల్లగానే ఉంది. ఆయన మొహం చూస్తే సంతోషించినట్టు లేదు. పధ్నాలుగు పేజీల ఫారం తీసి కూర్చున్నాడు. ఈలోగా నూకరత్నం బొమ్మిడాయిల పులుసుతో భోజనం పెట్టింది. సుష్ఠుగా తిన్నాడు. కాసేపటికి అటూ ఇటూ కదిలి, "బాత్రూమ్ ఎటండీ?" అన్నాడు.

"మందులేమైనా వాడుతున్నారా సార్?" అంది తాయారు.

"నన్నే అడుగుతారా?"

"అందర్నీ అడుగుతామండి."

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గొంతునొప్పికి ఐదురోజుల కోర్సు. ఇవాళ మూడోది" అన్నాడు.

నూకరత్నం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. భానోజీరావు డబ్బాని చూశాడు, తాయారుని చూశాడు, మిగిలిన తొమ్మిది పేజీలు రెండు నిమిషాల్లో నింపి సంతకం పెట్టి, ఒడ్డుకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. సింహాద్రి కుర్చీలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూడ్డం అదే ఆఖరుసారి.

మర్నాడు తాయారే పట్టుబట్టి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు కాగితాలు తిరగేసి, "ఈ మాత్రలు పనిచెయ్యట్లేదని, మానెయ్యమని నెల కిందటే చెప్పానుగా? ఒంట్లో శక్తంతా ఇవే పీల్చేశాయి" అన్నాడు.

రేవులో ఆటో దిగీ దిగగానే తాయారు అరిచింది. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. "ఎందుకు మింగావ్? మానెయ్యమంటే ఎందుకు మింగావ్?"

"నువ్వే అన్నావుగా, అలవాటు తప్పకూడదని" అన్నాడు సింహాద్రి, తప్పు చేసిన పిల్లాడిలా. "పోయేవాణ్ణి ఎలాగూ పోతాను. నెల ముందూ వెనకా. బోటు ఉంటది కదే."

"నేను తొట్టి కోసం అన్నాను! నీ ప్రాణం మీదకి తెచ్చుకోమన్నానా? ఆ వెధవ తొట్టి పోతే పోయింది, ఇంకో ఆరేళ్ళు కూర్చుని ఇంకోటి చేసేదాన్ని!" అంటూ రేవు మెట్ల మీద కూర్చుని, ఇక కోపం చాలక, ఏడ్చేసింది. ఆయన పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో బరువే లేదు.

శ్రావణమాసంలో గోదావరి ఎర్రగా పొంగి బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు సింహాద్రి పోయాడు. ఆయన మాత్రలు మానేసి మంచం పట్టినప్పుడే బోటు ఆపేశారు, తొట్టిలో సరుకంతా అప్పుడే జాడీలోకి చేరి షెడ్డులో మూలన నిద్రపోయింది.

మళ్ళీ కార్తీకం. మొదటి బోటు నిండా జనం. తాయారు తోడు వేసి, గంజి పోసి, గొట్టం గులాబీ అవుతుందని చూసింది. కాలేదు. రెండోరోజుకి వెలిసిపోయిన గుడ్డలా ఉంది. మూడోరోజుకి బూడిద.

"అత్తా! ఫినాయిలు పోశావా?"

"ఈసారి నిజంగా పొయ్యలేదే" అంది నూకరత్నం.

సీసా సీలు చూసింది తాయారు. ఈసారి పట్టించుకుంది. ప్రయాణికుల చిట్టా చూసింది. ఎవరూ ఏమీ వాడటం లేదు. జాడీలోంచి చుక్క తీసి, భూతద్దాల యంత్రం కింద పెట్టి గంటసేపు చూసింది. బకాసురుడు చావడం లేదు. పెరగడమూ లేదు. ఏదో కావాలని కూర్చున్నాడు. ఏం కావాలో ఆమెకి అప్పుడు తెలిసింది. మందుని ఓర్చుకోవడం నేర్చినవాడు, ఆ మందు లేకపోతే బతకలేనంతగా నేర్చేసుకున్నాడు.

బోటులోకి పరిగెత్తింది. గంగాలమ్మ పటం వెనకాల చెయ్యి పెట్టింది. మాత్రల అట్ట అక్కడే ఉంది. ఆయన కొనుక్కుని, వాడకుండా మిగిల్చిపోయినవి తొమ్మిది.

చేతికి తొడుగులు వేసుకుని, ఒక మాత్ర గంజిలో కరిగించి తొట్టిలో పోసింది. మధ్యాహ్నం అయ్యేసరికి గొట్టం నిండా గులాబీ. మావయ్య ఇప్పుడే లోపలికి వెళ్ళి వచ్చినట్టు.

"బతికున్నన్నాళ్ళూ సతాయించాడు, పోయాక కూడా కుదురుగా ఉండనివ్వడు" అంటూ తాయారు తొట్టికి వీపు ఆనించి కూర్చుంది. "తొమ్మిదిట్లో ఒకటి అయిపోయింది. ఎనిమిది. తర్వాత ఏం చెయ్యనత్తా? ఆ మందు మళ్ళీ కొని నదిలో తిరిగే తొట్టిలో పొయ్యలేను. పొయ్యకపోతే ఇది చస్తుంది. ఇది చస్తే..."

నూకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. ఎప్పుడూ మెట్ల మీదే ఆగిపోయే మనిషి మొదటిసారి తొట్టి దాకా వచ్చి, పక్కనే కూర్చుంది.

"మాన్పించాలి" అంది.

"ఎలా?"

"మీ అమ్మ పోయినప్పుడు నీకు ఏడాదిన్నర. తల్లిపాలు తప్ప ఏదీ ముట్టేదానివి కాదు. తల్లి పోయిందని నీకెవరు చెప్పగలరు? పక్కింటి బాలింతరాలిని బతిమాలి రోజుకి రెండుసార్లు పట్టించాను. తర్వాత ఒకసారి. తర్వాత ఒకసారి సగం. మిగతాదంతా గంజే. వారం ఏడ్చావు, ఊరంతా వినపడేలాగ. మీ మావయ్య తట్టుకోలేక బోటేసుకుని పోయేవాడు. నేను కూర్చునేదాన్ని. ఎనిమిదోరోజున గంజి తాగావు." ఆవిడ గాజుగొట్టాన్ని వేలితో మెల్లిగా తట్టింది. "రేపట్నుంచి సగం మాత్రే ఇవ్వు. ఏడుస్తుంది. ఏడవనీ."

మర్నాడు పొద్దున్న తాయారు మాత్రని చాకుతో రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క గంజిలో వేసింది. రెండోది పటం వెనక్కి పోయింది. బోటు కదిలింది. పైన నూకరత్నం ప్రయాణికుల్ని ఒక్కొక్కరినీ అడుగుతోంది, "మందులేమైనా వాడుతున్నారా అండీ?" అని. ఎవరో కసురుకుంటున్నారు.

మధ్యాహ్నానికి గొట్టం సగం దాకానే గులాబీ అయింది. పై సగం బూడిదరంగులో వణుకుతోంది. తాయారు లేచి, పటం వెనకున్న ముక్క కోసం మెట్ల వైపు రెండడుగులు వేసి, ఆగింది. వెనక్కొచ్చి తొట్టి పక్కన కూర్చుంది. అది ఏడవడం అయిపోయేదాకా అక్కడే కూర్చుంది.